తలగడ పక్కన పిప్పరమెంటు డబ్బా

మెత్తటి రొట్టె ముక్క నములుతుంటే పళ్ల కింద ఏదో గట్టిగా తగిలింది. రాయేమో అనుకుని వేలితో తీసి చూశాను. రాయి కాదు, నా పన్నే. కింది వరసలో ఎడమవైపు కోరపన్ను పక్కనున్నది, చిగురు అంచుకి సరిగ్గా కోసినట్టు విరిగి చేతిలోకొచ్చింది. నొప్పి లేదు, రక్తం లేదు. మిగిలిన మొండి మీద నాలుక పెడితే గరుగ్గా తగులుతోంది, అంతే.

కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుగులో పెట్టి చూశాను. పైభాగం తెల్లగా నిగనిగలాడుతోంది. కింది అంచు మాత్రం ముదురు గోధుమరంగులో, చెదపట్టిన చెక్కలా ఉంది. గోటితో గీస్తే పొడి రాలింది. అంటే పైకి పన్ను పన్నులాగే ఉంది, మొదలు దగ్గర మాత్రం ఎన్నాళ్ల నుంచో తొలుచుకుపోతోంది.

అప్పటికి నాకు 69 ఏళ్లు. అంతకుముందు పళ్ల విషయంలో నాకు కొంచెం పొగరు ఉండేది. 30 ఏళ్ల పాటు ఒక్క పుచ్చు లేదు మరి. అలాంటిది ఆ చివరి రెండేళ్లలో 5 సిమెంట్లు పడ్డాయి, అన్నీ చిగుళ్ల అంచునే. వెళ్లినప్పుడల్లా అప్పటి డెంటిస్టు తొలిచి, సిమెంటు పెట్టి, "వయసు కదమ్మా, ఇంకాస్త బాగా తోముకోండి" అని పంపేసేవాడు. నేనూ ఒళ్లు మండి ఇంకాస్త గట్టిగా తోమేదాన్ని. ఆ గట్టితనానికి చిగుళ్లు మరింత కిందికి జారాయని, దాంతో పళ్ల వేర్లు ఇంకా బయటపడ్డాయని తర్వాత తెలిసింది. చేసిన శ్రమంతా ఎదురు తిరగడమంటే ఇదే.

విరిగిన ముక్కని కాగితంలో చుట్టుకుని ఈసారి వేరే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. మా కోడలి వయసు ఉంటుంది. ఆ ముక్కని అటూ ఇటూ తిప్పి చూసి, పన్ను సంగతి పక్కనపెట్టి, "రాత్రి నీళ్ల కోసం ఎన్నిసార్లు లేస్తారమ్మా?" అని అడిగింది.

"రెండు సార్లు. ఒక్కోసారి మూడు."

"నీళ్లు లేకుండా ఒక బిస్కెట్ తినగలరా?"

ఆలోచించాను. బిస్కెట్ పొడిగా తిని ఎన్నేళ్లయిందో గుర్తు రాలేదు. కాఫీలో ముంచుకోకపోతే అంగిలికి అతుక్కుపోతుంది. ఆ మాటే చెప్పాను. ఆవిడ తలూపి, నోట్లో పెట్టే ఆ చిన్న గుండ్రటి అద్దాన్ని నా బుగ్గ లోపలికి ఆనించి వెనక్కి లాగింది. చర్మం అద్దాన్ని వదల్లేదు. దాంతోపాటు సాగి వచ్చి, చివరికి చిన్న చప్పుడుతో ఊడింది. "నోరు తడిగా ఉంటే అద్దం జారిపోతుందమ్మా. చూశారుగా, మీ నోట్లో ఎలా పట్టుకుంటోందో" అంది.

నోరు పిడచకట్టుకుపోవడం నాకు కొత్తేం కాదు. నాలుగేళ్లుగా ఉన్నదే. ఫోన్లో పది నిమిషాలు మాట్లాడితే నాలుక మొద్దుబారినట్టు అయ్యేది. పెదాల మూలలు చిట్లేవి. వయసొస్తే అన్నీ ఎండిపోతాయి, నోరూ అంతే అనుకున్నాను. వయసు ఒక్కటే ఇంత ఎండగట్టదని, ఈ వయసులో నోరు ఎండితే ముందు మందుల సంచీ వెతకాలని ఆవిడ చెప్పేదాకా నాకు తట్టనేలేదు. మరుసటి వారం రమ్మని, ఇంట్లో ఉన్న మాత్రలన్నీ తెమ్మంది. 4 రోజుల పాటు నోట్లోకి వెళ్లిన ప్రతిదీ వేళతో సహా రాసుకురమ్మని ఒక కాగితం ఇచ్చింది. ఆ 4 రోజుల్లో ఒక ఆదివారం ఉండాలట. "చిన్నదైనా రాయండమ్మా. నాకు ఎంత తిన్నారన్నది కాదు, ఎన్నిసార్లన్నది కావాలి."

నా ఉద్యోగమంతా ఖాతా పుస్తకాల్లోనే గడిచింది. రాయమంటే నేను వదలను.

రెండోసారి పొద్దున్నే వెళ్లాను. గంటన్నర ముందు నుంచి తినకూడదు, తాగకూడదు, పళ్లు తోమకూడదు. గీతలున్న చిన్న గ్లాసొకటి చేతికిచ్చి, తల ముందుకు వంచి కూచోమంది. మింగకూడదు, నాలుక ఆడించకూడదు, ఊరినది ఊరినట్టు కింది పెదవి మీదుగా గ్లాసులోకి జారనివ్వాలి. 5 నిమిషాలు.

ఆ 5 నిమిషాలు ఇప్పటికీ మర్చిపోలేను. గోడ గడియారం చప్పుడు వినిపిస్తోంది. తల వంచుకుని, నోరు తెరుచుకుని, ఊరుతుందేమోనని ఎదురుచూడడం. మొదటి రెండు నిమిషాలు ఏమీ రాలేదు. తర్వాత నురగలాంటిది కొంచెం వచ్చి పెదవి అంచున వేలాడింది, కిందికి జారనంది. చివరికి గ్లాసు అడుగున తేలింది 0.4 మిల్లీలీటర్లు. ఆవిడ లెక్క కట్టేలోపే నా నోట్లోంచి వచ్చేసింది, "నిమిషానికి 0.08" అని. మామూలుగా ఊరికే కూచున్నప్పుడు నిమిషానికి 0.3, 0.4 దాకా ఊరాలట. 0.1 కంటే తక్కువైతే నోరు నిజంగా ఎండినట్టే లెక్క. ఇంకో సంగతి కూడా చెప్పింది. ఊరేది దాదాపు సగానికి పడిపోయేదాకా మనిషికి నోరెండినట్టు తెలియనే తెలియదట. నాకు తెలిసొచ్చేసరికే సగం పోయిందన్నమాట.

తర్వాత మైనం ముక్క ఇచ్చి నమలమంది. రుచీ పచీ లేదు. మళ్లీ 5 నిమిషాలు, నమలడం, గ్లాసులోకి ఉమ్మడం. ఈసారి 4 మిల్లీలీటర్లు వచ్చింది. ఆవిడ మొహం విప్పారింది. నాకర్థం కాలేదు.

"గ్రంథులు చచ్చిపోలేదమ్మా. నమిలితే పనిచేస్తున్నాయి. బావిలో ఊట ఉంది, చేద వెయ్యనివ్వడం లేదు ఎవరో. ఏదీ, ఆ సంచీ ఇటివ్వండి."

సంచీ బల్ల మీద బోర్లించాను. 8 రకాల మాత్రలు. ఒక్కో అట్ట తిప్పి చూస్తూ 3 పక్కకు పెట్టింది. కాళ్ల తిమ్మిర్లకు రాత్రి వేసుకునే అమిట్రిప్టిలిన్. మాటిమాటికీ మూత్రం రాకుండా వేసుకునే ఆక్సీబ్యుటినిన్. తుమ్ములకి రోజూ వేసుకునే క్లోర్‌ఫెనిరమైన్. లాలాజల గ్రంథికి ఊరమని కబురు మోసుకెళ్లే రసాయనం పేరు అసిటైల్‌కోలిన్. ఈ మూడు మందులూ ఆ కబురు అందకుండా అడ్డుపడేవే. ఒక్కోటి విడిగా అయితే కొంచెం ఎండబెడతాయి. మూడూ కలిస్తే ఇదిగో ఇలా. బీపీకి వాడే నీటి మాత్ర, అంటే ఒంట్లో నీటిని మూత్రంగా బయటికి పంపేది, కూడా దానికి తోడు. ఒక్కో మందూ ఒక్కో డాక్టరు ఇచ్చినదే, ఒక్కోటీ అవసరానికి ఇచ్చినదే. అన్నీ ఒకే నోట్లోకి వెళ్తున్నాయని చూసినవాళ్లే లేరు.

ఆ రోజే మూడూ ఆపేస్తానన్నాను. ఆవిడ ససేమిరా అంది. కొన్ని మందులు ఒక్కసారిగా ఆపితే అసలు జబ్బు కంటే ఎక్కువ ఇబ్బంది పెడతాయట. మా ఫిజీషియన్‌కి ఉత్తరం రాసిచ్చింది. ఆయన చదివి, అట్టలు చూసి, కాసేపు మాట్లాడలేదు. తుమ్ముల మాత్ర ఎప్పుడు మొదలైందని అడిగాడు. 6 ఏళ్ల కిందట, పుప్పొడి పడక ఇబ్బంది పడ్డప్పుడు. ఆపమని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అది తీసేసి ముక్కులో కొట్టుకునే స్ప్రే ఇచ్చాడు. మూత్రం మాత్ర మార్చి మిరాబెగ్రాన్ రాశాడు. అది వేరే దారిలో పనిచేస్తుంది కాబట్టి నోటిని అంతగా ఎండబెట్టదట, కాకపోతే బీపీ పెంచొచ్చని కొన్ని వారాలు వరసగా చూపించుకోమన్నాడు. తిమ్మిర్ల మాత్ర మోతాదు మెల్లమెల్లగా సగానికి తెచ్చాడు. నీటి మాత్ర జోలికి పోలేదు. తిమ్మిర్లు కొంచెం తిరగబెట్టాయి, దాచడమెందుకు. కానీ 2 నెలల తర్వాత మళ్లీ గ్లాసు పట్టుకుంటే 0.9 వచ్చింది. బాగుపడిపోయాననుకోకండి, ఇంకా తక్కువే. అయినా ఆ గీత చూసి చిన్నపిల్లలా సంబరపడ్డాను.

ఇంతకీ అసలు దెబ్బ నేను తెచ్చిన ఆ 4 రోజుల కాగితంలో ఉంది.

డాక్టరమ్మ ఇంకో కాగితం తీసి పొడుగ్గా ఒక పట్టీ గీసింది. దాన్ని 48 గళ్లు చేసింది, గడికి అరగంట. ఎర్ర పెన్సిలు చేతికిచ్చి, తీపి నోట్లో పడ్డ ప్రతి గడినీ నన్నే నింపమంది. పొద్దున 6 గంటలకు చక్కెర వేసిన కాఫీ, కూర్చుని చప్పరిస్తూ గంటసేపు: 2 గళ్లు. 7:20కి పిప్పరమెంటు. 8కి టిఫిను, మళ్లీ కాఫీ. 9కి పిప్పరమెంటు. 9:40కి పిప్పరమెంటు. 10:30కి పిప్పరమెంటు... నింపుతున్నకొద్దీ నా చెయ్యి నెమ్మదించింది. నోరు ఎండుతోందని బుగ్గన పెట్టుకునే బిళ్లలవి. చీరకొంగున రెండు, సంచీలో నాలుగు, తలగడ పక్కన రేకు డబ్బా నిండా. రాత్రి లేచినప్పుడు నీళ్లు తాగి, నోరు తడిగా ఉండడానికి ఒకటి బుగ్గన పెట్టుకుని పడుకునేదాన్ని. రాత్రి 2 దగ్గర ఒక ఎర్ర గడి, 4 దగ్గర ఇంకోటి. పగటి పూట తెల్లగా మిగిలినవి 5 గళ్లు.

మొత్తం చక్కెర లెక్కేస్తే ఏమంత కాదు. మా ఆయన భోజనం కాగానే తినే ఒక్క మిఠాయిలో అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఆయన పళ్లు మాత్రం భేషుగ్గా ఉన్నాయి. ఇదేం న్యాయమని అడిగాను.

అప్పుడు చెప్పింది. పళ్ల మీది పాచిలో ఉండే సూక్ష్మజీవులు తీపి తగలగానే ఆమ్లం వదులుతాయి. కొద్ది నిమిషాల్లోనే పీహెచ్, అంటే ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే అంకె, పడిపోతుంది. 5.5 కంటే దిగితే పంటి పైపొర ఎనామిల్లోంచి ఖనిజం కరుగుతుంది. మామూలు మనిషికి ఉమ్మి ఊరి ఆ తీపిని కడిగేస్తుంది, అందులోని బైకార్బొనేట్ ఆమ్లాన్ని విరుస్తుంది, అందులోనే ఉండే కాల్షియం, ఫాస్ఫేట్ కరిగిన చోటును కొంత మళ్లీ పూడుస్తాయి. అరగంట, గంటలో కథ మొదటికొస్తుంది. మా ఆయన నోట్లో ఇలా రోజుకు నాలుగైదు సార్లు జరిగి, మధ్యలో పూడ్చుకోడానికి గంటల కొద్దీ వ్యవధి దొరుకుతోంది. నాకు కడిగేవాళ్లు లేరు, విరిచేవాళ్లు లేరు, పైగా పూడుద్దామనుకునే లోపే ఇంకో బిళ్ల. అందులోనూ చిగుళ్లు జారి బయటపడ్డ వేరుకి ఎనామిల్ అండ ఉండదు. అది 6.2, 6.5 దగ్గరే కరగడం మొదలుపెడుతుంది. అంటే చాలా కొంచెం పులుపుకే. నా సిమెంట్లన్నీ చిగుళ్ల అంచునే ఎందుకు పడ్డాయో అక్కడ తెలిసింది. ఇక రాత్రి సంగతి సరేసరి. నిద్రలో ఎవరికైనా ఉమ్మి ఊరడం దాదాపు ఆగిపోతుంది. ఆ వేళలో బుగ్గన బిళ్ల పెట్టుకోవడమంటే పంటికి తెల్లార్లూ చక్కెర పాకం పట్టించడమే.

ఎండిన నోటికి మందు అనుకుని నేను రోజంతా చప్పరించినదే పళ్లను తినేసింది. మందులు నోరు ఎండబెట్టాయి, నిజమే. పళ్లకు మాత్రం ఆ రేకు డబ్బానే చేటు చేసింది.

డబ్బా ఖాళీ చెయ్యడం ఎంతసేపు? నోటికి వేరే ఆధారం వెతుక్కోవడమే నెలల పని. మొదట నా తెలివి ఉపయోగించి చక్కెర లేని నిమ్మ బిళ్లలు తెచ్చుకున్నాను. నోరు ఝల్లున ఊరింది, ప్రాణం లేచొచ్చింది. గర్వంగా డాక్టరమ్మకి చూపిస్తే లాక్కున్నంత పని చేసింది. చక్కెర లేకపోయినా అందులో సిట్రిక్ ఆమ్లం ఉంది, సూక్ష్మజీవుల సాయం లేకుండానే పంటిని కరిగిస్తుంది. అట్ట వెనక చదవమంది. ఆ తర్వాత కొన్న నోటి స్ప్రే కూడా పుల్లగానే ఉంది. నోరు తడిపేందుకని అమ్మే వాటిలోనూ కొన్ని ఆమ్లంగా ఉంటాయట. కట్టుడు పళ్లవాళ్లకైతే పరవాలేదేమో, సొంత పళ్లున్నవాళ్లు చూసి కొనుక్కోవాలి. ఘాటుగా, మంటగా ఉండే మౌత్‌వాష్ ఒకటి వాడేదాన్ని. అందులో ఆల్కహాలు, అది ఇంకా ఎండబెట్టేది. అదీ పోయింది.

చివరికి నిలిచినవి మూడు. పగలు జైలిటాల్ ఉన్న చూయింగ్ గమ్. నా గ్రంథులు నమిలితే పనిచేస్తాయని మైనం ముక్క చెప్పింది కదా, అందుకని. జైలిటాల్ తియ్యగానే ఉంటుంది కానీ ఆ సూక్ష్మజీవులు దాన్ని ఆమ్లంగా మార్చలేవు. మొదటి రోజు ఉత్సాహం కొద్దీ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నమిలాను. రాత్రంతా కడుపు ఉబ్బరం, బాత్‌రూము చుట్టూ ప్రదక్షిణలు. ఇప్పుడు తిన్నాక ఒకటి, మధ్యాహ్నం ఒకటి, అంతే. ఇంట్లో కుక్క ఉన్నవాళ్లు మాత్రం ఆ పొట్లం దానికి అందనంత ఎత్తున పెట్టండి, జైలిటాల్ కుక్కలకు విషం. రెండోది మంచినీళ్లు. కొంచెం కొంచెం గుక్కలు, ఊరికే నోరు తడిపేందుకు. అదేపనిగా తాగినా లాభం లేదు, నోటికి పట్టి ఉండే జిగురు పొర కూడా కొట్టుకుపోతుంది, పైగా నాలాంటివాళ్లకి బాత్‌రూము ప్రయాణాలు. మూడోది రాత్రికి జెల్. బఠాణీ గింజంత వేలి మీద తీసుకుని బుగ్గల లోపల, నాలుక కింద రాసుకుంటే గంటలపాటు అంటిపెట్టుకుంటుంది. రుచి చెప్పను. మొదటిసారి మా ఆయన నా మొహం చూసి అద్దం తెచ్చి చూపించాడు.

కాఫీ మానలేదు. అందులో చక్కెర మానాను, గంటసేపు చప్పరించడం మానాను. తీపి తినాలనిపిస్తే భోజనంతో పాటే తినేస్తున్నాను, విడిగా కాదు. ఎర్ర గళ్లు ఇప్పుడు 4, 5 మించవు.

ఇక తోముకోవడం. ఇన్నేళ్లుగా తోముకుంటున్న మనిషికి తోముకోవడం నేర్పుతారా అని ఉడుక్కున్నాను మొదట. మెత్తటి బ్రష్షు, చిగుళ్ల అంచుకి వాలుగా పెట్టి చిన్న చిన్నగా కదపడం, పళ్ల సందుల్లోకి సీసా కడిగే బ్రష్షుకి పిల్లలా ఉండే బుల్లి బ్రష్షు. ఇవి రెండు వారాల్లో వచ్చేశాయి. పేస్టు మార్చింది. మామూలు పేస్టులో ఫ్లోరైడ్ 1,000 నుంచి 1,500 పీపీఎం దాకా ఉంటుంది, అంటే పది లక్షల పాళ్లలో అన్ని పాళ్లు. నాకు రాసిచ్చినది 5,000 పీపీఎం, పెద్దవాళ్లకి మాత్రమే, డాక్టరు చెబితేనే. మనవరాలు ముట్టకుండా పై అరలో పెడతాను. నురగ తక్కువ వచ్చే రకం, ఎండిన నోటికి మంట ఉండదు.

చేతకానిదల్లా ఒకటే. తోమాక ఉమ్మేసి ఊరుకోవాలి, నీళ్లతో పుక్కిలించకూడదు. పుక్కిలిస్తే ఆ ఫ్లోరైడంతా తొట్టిలోకి పోతుందట. జన్మలో పుక్కిలించకుండా పళ్లు తోముకున్నది లేదు. నోట్లో పేస్టు పెట్టుకుని పక్కమీదికి వెళ్లడమంటే ఎంగిలి నోటితో పడుకున్నట్టే అనిపించేది. రెండు వారాలు ఎవరూ చూడకుండా దొంగతనంగా పుక్కిలించాను. తర్వాత ఉపాయం కనిపెట్టాను. పేస్టు తక్కువ వేసుకుని, మూడు నాలుగు సార్లు బాగా ఉమ్మి, తడి గుడ్డతో పెదాలు తుడుచుకుంటే సరిపోయింది. ఇప్పుడు పుక్కిలిస్తేనే ఏదో వెలితి.

3 నెలలకోసారి వెళ్తే ఫ్లోరైడ్ వార్నిష్ పూస్తుంది. అందులో 22,600 పీపీఎం ఉంటుంది, పేస్టు ఎక్కడ, ఇదెక్కడ. చిన్న కుంచెతో చిగుళ్ల అంచున బయటపడ్డ వేర్ల మీద పసుప్పచ్చగా రాస్తుంది. 5 నిమిషాల పని. ఆ సాయంత్రమంతా పళ్లకి జిగురు పూసినట్టు ఉంటుంది, నాలుక ఊరుకోదు, గీకుతూ ఉంటుంది. కొన్ని గంటలు వేడివి తాగకూడదు, గట్టివి నమలకూడదు, ఆ రాత్రి తోమకూడదు.

విరిగిన పన్ను దక్కలేదు, తీసేసింది. ముందువైపు కనపడే రెండు చోట్ల గ్లాస్ అయొనోమర్ సిమెంటు పెట్టింది, అది కొంచెం కొంచెంగా ఫ్లోరైడ్ వదులుతూ ఉంటుందట. వెనక దవడ పళ్లలో రెండు మెత్తబడ్డ చోట్లు ఉన్నాయి. వాటిని తొలవనక్కర్లేదు, సిల్వర్ డయమిన్ ఫ్లోరైడ్ పూస్తానంది. 38 శాతం ద్రావణం. వెండి సూక్ష్మజీవుల్ని చంపుతుంది, ఫ్లోరైడ్ మెత్తబడ్డదాన్ని గట్టిపరుస్తుంది. కానీ పుచ్చిన చోటు నల్లగా మారి అలాగే ఉండిపోతుంది, ముందే ఫొటోలు చూపించి నన్ను సరేననిపించుకుంది. పెదాలకి వాజలిన్ రాసి, చుట్టూ దూది కుక్కి, ఒకే ఒక్క చుక్క. సూది లేదు, మర లేదు. నోట్లో ఇనుప చెంచా నాకినట్టు రుచి. ఎలాగో చుక్కలో పిసరు నా వేలికి అంటింది. మర్నాటికి అక్కడ నల్ల మచ్చ తేలి, వారం దాకా పోలేదు. 6 నెలలకు మళ్లీ పూసింది. మొదట్లో పరికరం ఆనిస్తే తోలులా దిగబడిన చోటు ఇప్పుడు రాయిలా టక్కుమంటోంది. ఆ చప్పుడు నేనూ విన్నాను.

ఇదంతా మా అక్కకి ఫోన్లో చెబితే నవ్వింది. ఆవిడకి గొంతు క్యాన్సర్‌కి రేడియేషన్ ఇచ్చారు. ఆవిడ మైనం నమిలినా గ్లాసులో దాదాపు ఏమీ పడదు, గ్రంథులే దెబ్బతిన్నాయి. పైలోకార్పిన్ మాత్ర వేసుకుంటుంది. నోరు కాస్త తడుస్తుంది కానీ ఒళ్లంతా చెమట. రాత్రిళ్లు తన పళ్ల అచ్చుతో చేయించిన పలచటి తొడుగుల్లో ఫ్లోరైడ్ జెల్ వేసి కాసేపు తొడుక్కుంటుంది. "నీది ఆపిన కుళాయి, నాది ఎండిన బావి" అంది. నోరెండడం ఇద్దరిదీ ఒకేలా ఉంటుంది, వైద్యం మాత్రం వేరు. అందుకే నేను వాడేవి చూసి ఎవరైనా కొనబోతే ముందు ఆ గ్లాసు పరీక్ష చేయించుకోమంటాను.

పోయిన చలికాలంలో గట్టిగా జలుబు చేసి 3 వారాలు దగ్గు మందు తాగాను. రాత్రి పళ్లు తోముకున్నాక, సరిగ్గా పడుకునే ముందు, రెండు చెంచాలు. తియ్యగా, చిక్కగా. పాకమే అది. నాకు తట్టలేదు. మిఠాయి మీదున్న నిఘా మందు మీద లేదు. వార్నిష్‌కి వెళ్లినప్పుడు డాక్టరమ్మ కింది ముందు పళ్ల మధ్య కొత్తగా సుద్దలా తెల్లబడ్డ చోటు చూపించి, "ఏం తిన్నారమ్మా?" అంది. ఏమీ తినలేదన్నాను. కాసేపటికి గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాను. చక్కెర లేని దగ్గు మందు కూడా దొరుకుతుందట, అడగాలి. ఆ చోటు ఇంకా గుల్ల పడలేదు, పేస్టు రాసి చూద్దామని 3 నెలలు గడువిచ్చింది.

అదే రోజు మళ్లీ అద్దం బుగ్గకి ఆనించింది. జారలేదు, అలాగని అతుక్కోనూ లేదు. కొంచెం పట్టుకుని వదిలింది.

రాత్రి 2 గంటలకి ఇప్పటికీ మెలకువ వస్తుంది. కళ్లు తెరవకుండానే చెయ్యి తలగడ పక్కకి వెళ్లి రేకు డబ్బా కోసం తడుముతుంది. డబ్బా అక్కడే ఉంది. మూత తీస్తే లోపల జెల్ ట్యూబు.